బస్సు మీద మా పేరు

నాకు ముక్కు మీద కోపమని మా వరస కొట్ల వాళ్ళంతా అంటారు. అననివ్వండి. సోఫాలక్క సంగతి చెప్పాలంటే కోపం ఉన్న మనిషే చెప్పాలి. ఆవిడకి ఎలాగూ కోపం రాదు. వచ్చినా మేకుల మీద చూపించి ఊరుకుంటుంది.

మా కొట్లన్నీ ఒకే రేకుల కప్పు కింద, భుజాలు రాసుకుంటూ ఉంటాయి. ఆ చివర గడియారాలు బాగుచేసే తాతా ఆయన భార్య మామ్మా, వాళ్ళ పక్కన లాండ్రీ దంపతులు, తర్వాత నా ఫొటో ఫ్రేముల కొట్టు, నా గోడకి ఆనుకుని అక్క సోఫాల కొట్టు. పొద్దస్తమానం ఆవిడ సుత్తి దెబ్బలకి నా అద్దాలు గజగజలాడుతుంటాయి. "అక్కా, నీ సుత్తికి నా కొట్టు మొత్తం పగిలేట్టుంది" అని నేనరిస్తే, "పగిలితే నా దగ్గర స్పాంజి ఉందిలే అద్దాలమ్మా, నిన్ను దాని మీద కూర్చోబెడతా" అని గోడ అవతలనుంచి అంటుంది. నా అసలు పేరు ఆవిడ ఎప్పుడో మర్చిపోయింది.

ఆ కొట్లో కాలు పెట్టే చోటుండదు. కాళ్ళు విరిగిన కుర్చీలు ఒకదాని మీద ఒకటి, పొట్ట విప్పిన సోఫాలు, వాటిలోంచి పైకి పొడుచుకొచ్చిన స్ప్రింగులు, ఓ మూల పీచు, ఓ మూల రెక్సిన్ చుట్టలు. వాటి మధ్య అక్క మోకాళ్ళ మీద కూర్చుని, పెదాల మధ్య చిన్న చిన్న మేకులు పట్టుకుని పని చేస్తుంటుంది. నోట్లో మేకులుండగానే మాట్లాడుతుంది, నవ్వుతుంది, కసురుతుంది. ఒక్కటీ జారిపడదు. పాత సోఫాల మడతల్లో దొరికిన దువ్వెనలు, చెవి దిద్దులు, పిల్లల బొమ్మలు ఓ కవర్లో వేసి, సోఫాతో పాటు తిరిగి ఇచ్చేస్తుంది. ఓసారి ఒకావిడ ఉంగరం దొరికింది. ఆవిడ ఇల్లు మారిపోయిందని తెలిసి, ఊరంతా ఆరా తీసి, పట్టుకెళ్ళి చేతిలో పెట్టి వచ్చింది. అలాంటి మనిషి కాబట్టే అక్క మాటంటే మా వరసలో ఇంక తిరుగులేదు.

అక్కకి ఒక్కగానొక్క తమ్ముడు. వాళ్ళ నాన్న పోయేనాటికి వాడింకా బడికెళుతున్నాడు. కొట్టూ వాడూ రెండూ ఒకేసారి అక్క నెత్తిన పడ్డాయి. సంబంధాలు రాకపోలేదు. "వీడు నిలదొక్కుకోనీండి" అంటూ నెట్టుకొచ్చి, చివరికి వాడికి పెళ్ళి చేసి తను అలాగే ఉండిపోయింది. ఎవరైనా జాలిపడబోతే, "ఊళ్ళో వాళ్ళ సోఫాలన్నీ మోస్తున్నా కదే, మొగుణ్ణి కూడా ఎక్కడ మొయ్యను?" అని నవ్వించేసేది. తమ్ముడు కూడా ఆ కొట్లోనే పని. దిండ్లు కుట్టడం, గుడ్డలు ఎంచడం, ఫోన్లు మాట్లాడటం వాడి వంతు. మాటకారి. నవ్వుతూ మాట్లాడి వచ్చిన మనిషిని పోనివ్వడు. నేనూ వాడంటే ఇష్టపడేదాన్ని, ఎందుకు దాచడం.

అక్క పనిలో ఒక పద్ధతి ఉంది. వాళ్ళ నాన్న నేర్పిందట. అడ్వాన్సు చేతిలో పడగానే, ఇచ్చిన మనిషి ఇంకా కొట్లో ఉండగానే, వాళ్ళ కళ్ళముందే కుర్చీ పాత గుడ్డని పర్రుమని చింపేస్తుంది. కొత్తవాళ్ళు ఉలిక్కిపడతారు. "ఇంక మీరూ వెనక్కి పోలేరు, నేనూ పోలేను" అంటుంది. అడ్వాన్సు పుచ్చుకున్నవాళ్ళు అప్పటికప్పుడు పని మొదలుపెట్టి చూపించాలి, అప్పుడే ఇచ్చినవాళ్ళకి ధీమా. అక్కకి ఇది చట్టం లాంటిది. మా కొంప ముంచింది కూడా ఇదే.

ప్రయాణం పిచ్చి ఎలా పట్టుకుందంటే, ఒక పెద్దమనిషి సోఫా సెట్టు పని మీద వచ్చి, తను చూసొచ్చిన పరాయి దేశపు రాజభవనం గురించి గొప్పలు పోయాడు. ఆ హాల్లో వందల ఏళ్ళనాటి కుర్చీలు వరసగా పెట్టి ఉన్నాయట, ఇప్పటికీ ఆనాటి గుడ్డే ఉందట. అక్క సుత్తి ఆపి, "వెనకవైపు చూశారా?" అనడిగింది. ఆయన తెల్లమొహం వేశాడు. "రాజుగారి కుర్చీ వెనక ఎవరు చూస్తారమ్మా?" అన్నాడు. ఆయన వెళ్ళాక అక్క ఆ మాటే పట్టుకుంది. "అసలు పనంతా వెనకే కదే! ముందు అందంగా ఎవడైనా వేస్తాడు. వెనక ఎలా మూశారో, ఎన్ని కుట్లు వేశారో ఒక్కసారి చూస్తే చాలు నాకు." జన్మలో తనకోసం ఒక్క కోరిక కోరని మనిషి ఇలా అనేసరికి మా అందరికీ ఉత్సాహం వచ్చింది. మనమూ వెళ్దాం అన్నాడు తాత. మామ్మ అప్పుడే ఏం సర్దుకోవాలో ఆలోచించడం మొదలెట్టింది.

మా ఊళ్ళో టూర్ల కంపెనీ వాళ్ళని అడిగితే, ఆ భవనాన్ని బస్సులోంచే చూపిస్తామన్నారు. మిగతా పొద్దంతా షాపింగట. అప్పుడు తమ్ముడు ఇంటర్నెట్లో వెతికి, ఆ దేశంలోనే ఉన్న ఒక ఏజెంటుని పట్టుకున్నాడు. "మధ్యలో ఎవరూ ఉండరక్కా, నేరుగా అక్కడివాళ్ళతోనే. మన భాష మాట్లాడతారు కూడా" అన్నాడు. నిజంగానే మాట్లాడింది. ఫోను స్పీకర్లో పెడితే ఆవిడ గొంతు లాండ్రీ కొట్టంతా నిండిపోయింది. తాతని బాబాయిగారూ అంది, మామ్మని పిన్నిగారూ అంది, నన్ను చెల్లీ అంది. ఆవిడకి ఆ పూటే తేనెపలుకు అని పేరు పెట్టేశాం. అక్క అడిగిన రాజభవనం గురించి, "మీకోసం లోపలి గదులు కూడా తెరిపిస్తానమ్మా, ఎంతసేపైనా చూసుకోండి" అంది. అరచేతిలో వైకుంఠం చూపించింది. అక్క పెదాల మధ్యనుంచి మేకు జారి పడగా చూడటం నాకదే మొదటిసారి.

మొదట కొంత డిపాజిట్ కట్టాలంది. కార్డుతో కడితే పైఖర్చులు పడతాయి, బ్యాంకునుంచి నేరుగా ఖాతాకి పంపితే తగ్గిస్తానంది. తమ్ముడు ఖాతా వివరాలు తెచ్చి చూపించాడు. ఖాతా కంపెనీ పేరు మీద లేదు, ఎవరో మగమనిషి పేరు మీద ఉంది. నేను ఆ మాట అడిగాను. "ఆవిడ భర్తట. చిన్న కంపెనీ కదా, అక్కడ అంతేనట" అన్నాడు తమ్ముడు. నేను గొణిగాను. నేను గొణగడం రోజూ ఉండేదే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

అక్క మాత్రం ఆలోచించింది. ఆలోచించి తన చట్టం బయటికి తీసింది. "అడ్వాన్సు అడుగుతోంది, బానే ఉంది. పని మొదలెట్టినట్టు చూపించమను. గుడ్డ చింపితేనే నేను నమ్మేది." తమ్ముడు ఆ సంగతే అటు చెప్పాడు. ఆవిడ నవ్వి, మీ బృందానికి పేరేమిటని అడిగింది. వరస కొట్ల బృందం అని తాత చెప్పాడు. తెల్లారేసరికి ఫొటో వచ్చింది. నీలం రంగు బస్సు, పెద్ద అద్దం, అద్దం మీద బోర్డు, బోర్డు మీద మా పేరు, మా లిపిలో! "చూశారా, గుడ్డ చింపేసింది!" అంది అక్క. మొహం వెలిగిపోయింది. "మన పేరేసిన బస్సు ఇంకెవరికి పనికొస్తుంది? ఇంక ఆవిడ వెనక్కి పోలేదు. కట్టెయ్యండి."

కట్టేశాం. తేనెపలుకుని చూసి ఎవరం కట్టలేదు, అక్క మొహం చూసి కట్టాం. ఈ ముక్క గుర్తుంచుకోండి, ఎందుకంటే అక్క దీన్ని ఒక్క క్షణం కూడా మర్చిపోలేదు. ఆ ఫొటోని నేనే పెద్దది చేయించి, మంచి ఫ్రేము కట్టి, నా కొట్లో నడిమి గోడకి తగిలించాను. వచ్చేపోయేవాళ్ళకి చూపించి మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. తమ్ముడొక్కడే తనదీ భార్యదీ కార్డుతో కట్టాడు. ఈ నెల చేతిలో డబ్బు ఆడట్లేదు, పైఖర్చులు పడితే పడనీ అన్నాడు.

తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ గొంతులో తొందర మొదలైంది. హోటలు వాళ్ళు గదులు ఇంకెవరికో ఇచ్చేస్తామంటున్నారట, మిగతా డబ్బు మొత్తం ఇప్పుడే పంపాలట. ముందు చెప్పిన గడువు ఇది కాదు కదా అని తాత అడిగితే, "బాబాయిగారూ, మీరు నన్ను అనుమానిస్తే నేనేం చెప్పను?" అని బాధపడింది. తాత నొచ్చుకున్నాడు. ఫోను పెట్టేశాక అందరం అక్క కొట్లో చేరాం. ఎవరికీ ఏమీ తోచలేదు. అక్క తమ్ముడి వైపు తిరిగింది.

"ఏరా, ఏమంటావు? ఇచ్చేద్దామా?"

వాడు దిండు కవర్లోకి స్పాంజి దూరుస్తున్నాడు. తలెత్తలేదు. మూల సరిగ్గా పడలేదేమో, లోపలికి చెయ్యి పెట్టి సర్దుతూ, "ఇచ్చేద్దాం అక్కా" అన్నాడు.

"మరి నీది?"

"నాది కార్డులో పోతుందిలే."

ఆ మాట మీద అందరం మిగతా డబ్బు కూడా పంపేశాం.

ఆ తర్వాత తేనెపలుకు ఫోను మోగడమే గానీ ఎత్తడం లేదు. పని ఒత్తిడేమో అనుకున్నాం. ఊరెళ్ళిందేమో అనుకున్నాం. మామ్మైతే ఆవిడకి ఒంట్లో బాలేదేమోనని దిగులు కూడా పడింది. ఒక పొద్దున్న నేను కొట్లో ఊరికే కూర్చుని, ఫోనులో ఆ కంపెనీ పేరు కొట్టి బొమ్మలు చూస్తున్నాను. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. అదే నీలం బస్సు. అదే మబ్బు. పక్కనే వంగి బూటు లేసు కట్టుకుంటున్న అదే మనిషి. బోర్డు మీద మాత్రం వేరే బృందం పేరు. ఇంకాస్త కిందకి పోతే ఇంకో పేరు. వాడు ఎన్ని బృందాల పక్కన వంగి లేసు కట్టుకున్నాడో లెక్కలేదు. గోడకి తగిలించిన నా ఫ్రేములోనూ వాడు వంగే ఉన్నాడు. ఫొటోలతో బతికేదాన్ని, రోజూ తుడిచి చూసుకున్నదాన్ని, అతికించిన బోర్డు కనిపెట్టలేకపోయాను.

అక్కకి చూపించాను. ఫోను ఇటు తిప్పి అటు తిప్పి చూసింది. "గుడ్డ చింపలేదన్నమాట. చింపినట్టు బొమ్మ చూపించింది" అంది. పెదాల మధ్య మేకులు ఒక్కొక్కటీ తీసి డబ్బాలో వేసింది.

ఇద్దరం బ్యాంకుకి వెళ్ళాం. అక్కడి ఆఫీసరు అక్క చేత ఇంట్లో కుర్చీలు చేయించుకున్న మనిషే. మర్యాదగా కూర్చోబెట్టి అన్నీ చూశాడు. చూసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పరాయి దేశంలో మనిషి సొంత ఖాతాకి మనంతట మనం పంపిన డబ్బు వెనక్కి తేవడం చాలా కష్టమన్నాడు. అక్కడి బ్యాంకుకి రాస్తానన్నాడు గానీ, ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఖాతా కంపెనీ పేరు మీద లేనప్పుడే ఆగిపోవాల్సింది అన్నాడు. ఏజెంటు ఇచ్చిన నంబరుకి కాకుండా, మనమే హోటలు నంబరు వెతికి ఫోను చేసి, మా పేరు మీద గదులున్నాయా అని అడగాల్సింది అన్నాడు. ఆ దేశంలో ఏజెంట్లకి ప్రభుత్వం ఇచ్చే అనుమతి ఉందో లేదో కనుక్కోవాల్సింది అన్నాడు. అన్నీ నిజమే. అన్నీ తెలిసింది ఇప్పుడు.

"కనీసం కార్డుతో కట్టి ఉంటే మేం ఏదైనా చేయగలిగేవాళ్ళమమ్మా" అన్నాడు చివరికి. "మీ తమ్ముడిది అలాగే వచ్చేసిందిగా."

అక్క తలెత్తింది. "ఏది వచ్చేసింది?"

ఆయనకి అప్పటికింకా అర్థం కాలేదు. "అదేనమ్మా, ఆయన హోటలుకి రాస్తే, మీ పేరు మీద గదులేవీ లేవని వాళ్ళు జవాబిచ్చారు కదా. ఆ కాగితం తెచ్చి చూపించారు. కార్డు కాబట్టి అభ్యంతరం పెట్టించాను, డబ్బు వెనక్కొచ్చింది. మీ అందరికీ చెప్పమని కూడా అన్నాను..." అంటూ అక్క మొహం చూసి ఆగిపోయాడు.

"ఎప్పుడు?" అంది అక్క.

ఆయన తడబడుతూ కంప్యూటరులో చూసి చెప్పాడు. మేం మిగతా డబ్బు పంపడానికి ముందు. అక్క వాణ్ణి అడగడానికి ముందు. దిండులో చెయ్యి పెట్టి "ఇచ్చేద్దాం అక్కా" అన్న ఆ పూటకి, వాడి డబ్బు వాడి ఖాతాలో భద్రంగా కూర్చుని ఉంది.

బయటికి రాగానే నేను రోడ్డు మీదే నోరెత్తాను. వాణ్ణి ఏమేమి అన్నానో ఇక్కడ రాయలేను. అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఎవరితోనూ అనకు" అంది.

"ఎందుకనకూడదు? కడుపున పుట్టకపోయినా కన్నబిడ్డలా పెంచావు. వాడు నిన్నూ ముంచాడు, నీ చేత మమ్మల్నీ ముంచాడు!"

"వాడే చెప్తాడు. భయపడి ఉంటాడు. తను తెచ్చిన ఏజెంటని అందరూ మీద పడతారని భయపడ్డాడు. చెప్పడానికి టైమివ్వాలి కదే."

"ఇంకెంత టైము?"

"వాడే చెప్తాడు చూడు" అంది మళ్ళీ. నాకు చెప్తోందో తనకి తను చెప్పుకుంటోందో తెలియలేదు.

ఆ తర్వాత అక్క బతికిన బతుకు నేను గోడ ఇవతలనుంచి విన్నాను. తేనెపలుకు మోసం సంగతి వరసంతా తెలిసిపోయింది. లాండ్రీ ఆవిడ ఇస్త్రీ పెట్టె ముందు నిలబడి ఏడ్చింది. మామ్మ కొత్తగా కొనుక్కున్న నడక బూట్లు డబ్బాతో సహా తీసుకెళ్ళి కొట్టువాడికి తిరిగిచ్చేసింది. అందరికంటే ఎక్కువ గోల పెట్టింది ఎవరో చెప్పనా? తమ్ముడే. "మనందర్నీ నిలువునా ముంచేసింది అక్కా" అని గుండెలు బాదుకున్నాడు. తాత భుజం మీద చెయ్యి వేసి, "నాదీ పోయింది తాతా, ఏం చేస్తాం" అన్నాడు. నేను గోడ ఇవతల పళ్ళు కొరుక్కున్నాను. చేతిలో ఉన్న అద్దం మూల విరిగింది.

అక్క వాడికి దారులు వేసి చూసింది. అదీ విన్నాను. "ఒరేయ్, ఆ హోటలు వాళ్ళనైనా ముందే అడిగుంటే బాగుండేది కదరా?" అంది ఒకరోజు, పని చేసుకుంటూనే. వాడు నీళ్ళు నమిలాడు. "మనకేం తెలుసక్కా" అన్నాడు. ఇంకోరోజు, "కార్డుతో కడితే వెనక్కొస్తుందటగా, నీదైనా అడుగు" అంది. ఇంతకంటే తలుపు తెరిచి పట్టుకునేదెవరు? "అడిగాను, రాదన్నారు" అన్నాడు. ఒక్క క్షణం ఆలోచించకుండా అన్నాడు. గోడ అవతల సుత్తి చాలాసేపు మోగలేదు.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి అక్క ఒక్కతే ఉంది. ఒక కుర్చీకి పట్టీలు బిగించి, మళ్ళీ ఊడదీసి, మళ్ళీ బిగిస్తోంది. "నాకు కోపం రావట్లేదే" అంది. "వస్తే బాగుండును. వాడు అబద్ధం చెప్పినప్పుడల్లా, ఈసారి కాకపోతే వచ్చేసారి చెప్తాడనుకుంటున్నా. డబ్బు పోయినందుకు కాదు. నేను అందరి ముందూ వాడి మాట అడిగాను. వద్దు అక్కా అని ఒక్క మాట. కారణం కూడా చెప్పక్కర్లేదు. వద్దు అంటే ఆగిపోయేవాళ్ళం." అక్క కళ్ళల్లో నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజూ చూడనట్టే కూర్చున్నాను.

పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇద్దామని తాత పట్టుబట్టాడు. డబ్బు రాకపోయినా, ఇంకో బృందం పేరు ఆ బస్సెక్కకుండా ఉంటుందన్నాడు. అందరం వెళ్ళాం. తమ్ముడూ వచ్చాడు, భార్యని వెంటబెట్టుకుని. దారిలో కూడా అక్క వాడి పక్కనే నడిచింది. ఇప్పుడైనా చెప్తాడేమోనని చెవి అటే పెట్టి నడిచింది. వాడు ఎండ ఎక్కువగా ఉందన్నాడు.

స్టేషన్లో గోడ వారగా బెంచీ వేసి ఉంది. మామ్మా లాండ్రీ ఆవిడా కూర్చున్నారు, మిగతావాళ్ళం నిలబడ్డాం. రాసుకునే పోలీసాయన నెమ్మదస్తుడు. బస్సు ఫొటో, ఖాతా వివరాలు, ఆవిడ పంపిన మెసేజీలు అన్నీ చూశాడు. "ఈ ఏజెంటుని మీకు ఎవరు చెప్పారు?" అనడిగాడు. తమ్ముడు నోరు తెరిచేలోగా, "అందరూ కట్టింది నేను చెప్పబట్టి" అంది అక్క. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంకా వాణ్ణి కాస్తోంది!

"మొత్తం ఎంతమంది నష్టపోయారు?"

"ఎనిమిది మందిమండీ" అన్నాడు తమ్ముడు. గొంతు సవరించుకుని, ఒక అడుగు ముందుకేసి, "మా ఇద్దరిదీ కూడా పోయింది. మా పేర్లు రాసుకోండి" అంటూ తన పేరు చెప్పబోయాడు.

"ఆరుగురం" అంది అక్క.

పోలీసాయన తలెత్తాడు. తమ్ముడు నవ్వబోయాడు. "అక్కకి లెక్క తప్పింది సార్..."

"తప్పలేదు. ఆరుగురమేనండీ. వీళ్ళిద్దరిదీ పోలేదు. హోటల్లో గదులు లేవని వీడికి ముందే తెలుసు. తన డబ్బు వెనక్కి తెచ్చుకున్నాడు. తెచ్చుకున్నాక మా చేత మిగతాది కట్టించాడు. అదీ రాసుకోండి."

ఆవిడ గొంతు పెంచలేదు. సోఫాకి ఎంత గుడ్డ పడుతుందో చెప్పినట్టు చెప్పింది. తమ్ముడి భార్య వాడి మొహంలోకి చూసింది. ఆ పిల్లకి ఏమీ తెలియదని అప్పుడే నాకు తెలిసింది. వాడు "అది కాదే" అనబోతే, వచ్చి మామ్మ పక్కన బెంచీ మీద కూర్చుంది. లాండ్రీ ఆయన పిడికిలి బిగించాడు, పోలీసాయన చూపుకి మళ్ళీ విప్పాడు. తాత మాత్రం వాణ్ణి పేరు పెట్టి పిలిచి, "నా భుజం మీద చెయ్యి వేశావు కదరా" అన్నాడు.

ఎన్నాళ్ళనుంచో నోరు కట్టుకుని ఉన్నదాన్ని, అప్పుడు వాణ్ణి కడిగేద్దామనుకున్నాను. తీరా చూస్తే ఒక్క తిట్టూ రాలేదు. అక్క నిలబడ్డ తీరు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఆవిడ అప్పటికే అందరికంటే పెద్దది పోగొట్టుకుని నిలబడి ఉంది, ఆ ఆరుగురి లెక్కలో దానికి చోటు లేదు.

సంతకాలు పెట్టి బయటికొచ్చాం. స్టేషన్ మెట్ల దగ్గర తమ్ముడు అక్కకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. మొహం కందిపోయి ఉంది. సిగ్గో, కోపమో, రెండూనో. మేమంతా వింటున్నామని కూడా చూసుకోలేదు.

"ఇంట్లో విషయం ఇంట్లో అడగాలి అక్కా. అందరి ముందూ నన్ను ఇలా నిలబెట్టాలా? ఇంట్లో అడిగితే నేను చెప్పేవాణ్ణి కాదా?"

అక్క వాడి వైపు చూసింది. చిన్నప్పుడు జ్వరమొస్తే అలాగే చూసేదేమో.

"ఇంట్లోనా? రోజూ నా ఎదురుగా కూర్చుని భోంచేశావు. ఎన్నిసార్లు అడిగాను! ఇంట్లో చెప్పావట్రా నువ్వు?"